గిటార్‌లో పడిన ముక్కు

కుదిరిన బేరాన్ని ఒట్టి ముక్కుతో చెడగొట్టవచ్చంటే మీరు నమ్మకపోవచ్చు. కాసేపు కూర్చోండి, చెబుతాను.

నా స్నేహితురాలు షబానా వాళ్ల నాన్న కరీం చాచాకు చిలకలగూడలో వాయిద్యాల దుకాణం ఉంది. ఆ సాయంత్రం కౌంటర్ మీద ఒక రోజ్‌వుడ్ గిటార్ పడుకుని ఉంది. నెలల తరబడి ఎవరూ కొనక, చివరికి యాదగిరి గారనే రిటైరైన పెద్దమనిషి తీసుకుంటానన్న గిటార్ అది. ఆయన వచ్చే వేళయింది. చాచా, షబానా లోపల దాని పెట్టె తుడుస్తున్నారు. బయట నేను, గిటార్ మిగిలాం.

మనుషుల ముందు నాకు నోరు పెగలదు గానీ, వస్తువుల దగ్గర చనువెక్కువ. రోజ్‌వుడ్‌ను కోస్తే గులాబీ వాసన వస్తుందని ఎక్కడో చదివాను. కోస్తే చాచా ఊరుకోరు కదా. అందుకని తీగల కింద ఉన్న గుండ్రటి రంధ్రానికి ముక్కు ఆనించి, బావిలో పడ్డ బిందెను వెతికేదానిలా వంగి, గట్టిగా పీల్చాను. లోపల టక్కుమంది. కొత్తగా పెట్టుకున్న ముక్కుపుడక, మర వదులై జారిపోయింది.

అప్పుడే యాదగిరి గారు వచ్చారు. చాచా, షబానా కూడా బయటికొచ్చారు. యాదగిరి గారు గిటార్ ఒళ్లోకి తీసుకుని తీగలు మీటారు. జర్‌ర్‌ర్‌మంది.

"ఏంది కరీం భాయ్, దీనికి గజ్జెలు గిట్ల కట్టిన్రా?"

"లే సాబ్, పొద్దున మంచిగనే మోగింది," అన్నారు చాచా. ఆయన మొహంలో రంగు పోయింది.

ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, దోమకైనా వినపడని గొంతుతో అన్నాను.

"చాచా, లోపల... నా ముక్కుది..."

"ఏమంటున్నవ్ బిడ్డా?"

యాదగిరి గారి చెవులు చురుకైనవే గానీ, ఉకారాలు మాత్రం జారిపోతాయి. "లోపల ముక్క ఉన్నదంట. చెక్క ఇరిగిందన్నట్టు. గిసొంటిది నాకెందుకు భాయ్?" అని గిటార్‌ను కౌంటర్ మీద పెట్టేశారు.

"ముక్క కాదు సార్, ముక్కు."

"గిటార్ల ముక్కేంది బిడ్డా? పరేషాన్ చేయకు," అన్నారు చాచా.

యాదగిరి గారు గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూర్చారు. ఇక లాభం లేదు. చెయ్యి తీసేసి, బోసి ముక్కు చూపించి, జన్మలో మొదటిసారి అరిచాను.

"అది నా ముక్కుపుడక సార్. గులాబీ వాసన వస్తుందేమోనని పీలుస్తుంటే పడిపోయింది."

పక్కన జిరాక్స్ షాపులో మిషన్ ఆగింది.

తీగలు వదులు చేసి, గిటార్‌ను బోర్లించి, ఉయ్యాలలో బిడ్డను ఊపినట్టు అందరం ఊపాం. పుడక బుద్ధిగా చాచా అరచేతిలో పడింది. మళ్లీ బిగించి మీటితే, గిటార్ ఏమీ ఎరగనట్టు మోగింది.

"ఇంతకు గులాబీ వాసనొచ్చిందా?" యాదగిరి గారు అడిగారు.

"తెలిసేలోపే పడింది సార్."

ఆయన అటూ ఇటూ చూసి, తానే రంధ్రానికి ముక్కు పెట్టారు. "దాల్చినచెక్క లెక్కుంది."

"జెర జరగున్రి సాబ్, నన్ను సూడనియ్యున్రి." చాచా కళ్లు మూసుకుని పీల్చారు. "ఇది అత్తరే."

షబానాకు పాత బీరువా వాసన వచ్చింది. ఆ వాదన తేలలేదు. యాదగిరి గారు మాత్రం ఇంటికెళ్లి మళ్లీ చూస్తానని గిటార్ తీసుకెళ్లారు.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరే గిటార్‌లోనూ ముక్కు పెట్టను. ప్రమాణంలో వీణను చేర్చలేదు. దాన్ని పనస చెక్కతో చేస్తారట.