వాసన లేని గిన్నె

చెక్క గిన్నెల గురించి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. జువ్వలదిన్నెలో నాకు జరిగింది మాత్రం వాటిలో ఎక్కడా లేదు. అందుకే రాసిపెడుతున్నాను.

నా భార్య పద్మకు షుగరు. అందమైన చెక్క గిన్నెలో పెడితేనే పచ్చికూరల సలాడ్ ముట్టుకుంటానంది. నిజామాబాద్ నుంచి సముద్రం చూడడానికి ఆ ఊరు వెళ్లిన నాకు, పడవలు చేసే ఏసుదాసు గారి ఇంటి ముందు, మిగిలిన చెక్కతో ఆయన చేసిన అలాంటి గిన్నెలు కనిపించాయి. చెక్క వాసనలను పీల్చుకుంటుందని చదివాను కదా, ఒక్కోదాన్నీ ముక్కుకు ఆనించి చూశాను.

"ఏందన్నా, గిన్నె కొంటావా, సెంటు కొంటావా?" అంది ఆయన భార్య కరుణమ్మ.

చివరికి ఏ వాసనా లేనిది ఒకటి ఎంచుకున్నాను. ఆమె దాన్ని లోపలికి తీసుకెళ్లి, నిండా ఎండు రొయ్యలు పోసి తెచ్చింది.

"అయ్యో అక్కా, వాసన పడుతుంది!"

"పట్టనీలే. దూరం పొయ్యే మనిషికి ఉత్త గిన్నె ఇచ్చి పంపిస్తారా ఎవురన్నా?"

ఇంటికొచ్చి ఎంత తోమినా వాసన పోలేదు. భయపడుతూనే అందులో కీరా ముక్కలు పెట్టాను. పద్మ ఒకటి నమిలి ఆగింది.

"ఇన్నాళ్లకు మీ గడ్డికి రుచొచ్చిందండీ," అంటూ మొత్తం తినేసింది.

గిన్నె చేసిన ఏసుదాసు గారికి, దాన్ని పాడుచేసిన కరుణమ్మక్కకు, ఖాళీ చేసిన పద్మకు నా కృతజ్ఞతలు.