నాలుగో వాల్వు ఎవరిది

ఆయన బస్సు డిపోలో ఫిట్టరు. డిపో బ్యాండులో పెద్ద బూర వాయించేవాడు. ఒంటికి చుట్టుకుని భుజం మీద కూర్చునే పన్నెండు కిలోల ఇత్తడి బూర అది. దాన్ని మోసీ మోసీ ఆయనకు ఏనుగాయన అన్న పేరు స్థిరపడింది.

ఆ బూరకు మూడు వాల్వులు. ఒక్కో వాల్వు నొక్కితే ఒక్కో గొట్టం తెరుచుకుంటుంది, గాలి నడిచే దారి పొడవవుతుంది, స్వరం కిందికి దిగుతుంది. చిక్కల్లా మూడూ కలిపి నొక్కినప్పుడే. దారి కావలసినంత పొడవు కాక, అట్టడుగు స్వరం శ్రుతికి కాస్త పైన ఆగిపోతుంది. కూర్చుని వాయించేవాడు ఎడమచేత్తో గొట్టం కొంచెం బయటికి లాగి సర్దుకోగలడు. కవాతులో ఎడమచెయ్యి బూరను మోస్తూ ఉంటుంది.

బ్యాండుమాస్టరు స్వయానా ఆయన భార్యకు అన్న. ఆ స్వరం వచ్చినప్పుడల్లా కవాతు ఆపించి, నీ చెవులకు గ్రీజు పట్టిందా బావా అని అందరి ముందూ అడిగేవాడు. వరసలో వాళ్లు నవ్వేవారు. పదకొండేళ్లు ఏనుగాయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

తర్వాత ఒక సెలవురోజు కాగితం మీద బొమ్మ గీసుకున్నాడు. తన బూరకు నాలుగోదిగా బిగించడానికి, మూలన పడేసిన సొట్టబూర నుంచి ఒక వాల్వు ఊడదీశాడు. దానికి ఆరడుగుల గొట్టం కావాలి, అది బూర ఒంట్లో ఇమిడేలా వంపులు తిరగాలి. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా గొట్టంలో ఇసుక కూరాలి. ఆ ఇసుకను భార్య తన పిండిజల్లెడతో జల్లించి ఇచ్చింది. ఆయన టంకం వేస్తుంటే గుడ్డ చుట్టిన చేతులతో గొట్టం కదలకుండా పట్టుకుంది. మొదట చేసిన రెండు గొట్టాలూ గాలి కారాయి. ఏడాదిన్నరకు మూడోది నిలిచింది. ఇక పాత మూడు వాల్వులూ కలిపి నొక్కే పని లేదు. రెండోదీ నాలుగోదీ నొక్కితే ఆ స్వరం వచ్చి తన చోటులో కూర్చునేది.

బ్యాండుమాస్టరు విన్నాడు. మిగిలిన మూడు బూరలకూ బిగించమన్నాడు. ఆయన బిగించాడు.

డిపోల పోటీలో వాళ్లకే మొదటి బహుమతి వచ్చింది. పెద్ద బూరల రహస్యమేమిటని వేదిక మీద అడిగితే, ఆలోచన తనదనీ, ఫిట్టరు చేత చేయించాననీ బ్యాండుమాస్టరు చెప్పాడు. ఏనుగాయన కింద వరసలో, బూర భుజాన ఉండగా, అటెన్షన్‌లో నిలబడి విన్నాడు.

ఆ ఆదివారం అత్తగారింట్లో బంధువులు చేరారు. భోజనాల దగ్గర బావగారు మళ్లీ మొదలుపెట్టాడు, తనకు నిద్రపట్టక బొమ్మ గీసిన కథ. ఏనుగాయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఆ బొమ్మ గీసింది నేను బావా. కాగితం మా ఇంట్లోనే ఉంది."

బావగారు నవ్వి చెల్లెలివైపు తిరిగాడు. "నువ్వే చెప్పమ్మా, ఎవరిదో."

ఆమె చేతిలోని గరిటె వైపే చూస్తూ అంది. "ఆలోచన అన్నయ్యది. చేతిపని ఈయనది."

తిరుగు ప్రయాణంలో, బస్సులో, ఎందుకలా అన్నావని ఆయన అడిగాడు.

"పదిమందిలో అన్నయ్య తల దించుకుంటే నేను చూడలేను," అంది. "మీకైతే అలవాటే కదా."

నాలుగో వాల్వుతో బూర బరువు మరో కిలోన్నర పెరిగింది. రెండేళ్లకు ఆయన ఎడమ భుజం చచ్చుబడింది. డాక్టరు బరువులెత్తొద్దన్నాక బ్యాండు యూనిఫారం ఉతికించి అప్పజెప్పాడు. బావగారు అన్ని డిపోల బ్యాండులకూ పెద్దమాస్టరుగా వెళ్లి, ఊరూరా నాలుగు వాల్వుల పద్ధతి నేర్పసాగాడు.

ఒకసారి ఎక్కడో బూర గాలి కారుతోందని కబురంపాడు. ఏనుగాయన రెండు బస్సులు మారి వెళ్లాడు. అక్కడ బూర మోసే నెరిసిన మీసాల డ్రైవరు ఆయన పక్కన కూర్చుని, ఈ వాల్వును మాస్టరుగారు ఎలా కనిపెట్టారో మొదటినుంచీ చెప్పాడు. ఇసుక కూరిన సంగతి కూడా చెప్పాడు. ఏనుగాయన అంతా విని, ఆ నూనె సీసా ఇలా అందించమన్నాడు.

ఇంటికొచ్చాక భార్య ఏమైందని అడిగింది. కారడం ఆగిందన్నాడు. ఆమెతో మాటలు మానేశాడని కాదు. కావలసింది అడుగుతాడు, అడిగిందానికి జవాబిస్తాడు. అంతే. ఆమె కూడా ఇంకేదీ అడగడం మానేసింది.