ప్రసంగపీఠం కింది రాగులు

పోయిన ఆదివారం గుడి నుంచి వచ్చి వసారాలో చెప్పులు విడుస్తుంటే పక్కింటి వంటగదిలోంచి అడుగంటిన రాగి అంబలి వాసన వచ్చింది. మదనపల్లెలో ఇప్పుడు అంబలి కాచే ఇళ్ళే తగ్గిపోయాయి, ఇక మాడబెట్టుకునేంత తీరిక ఎవరికుంటుంది? ఎవరో ముసలావిడ కోసం పొయ్యి మీద పెట్టి మరిచిపోయినట్టున్నారు. ఆ వాసనకు ఇంకెవరికైనా చిరాకు కలుగుతుంది, నాకు సిగ్గు కలుగుతుంది. ఆ సిగ్గుకంటే ఒక అడుగు ముందు, ఈ వయసులో చెప్పుకుంటే బాగుండదు గానీ, అసూయ కలుగుతుంది.

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. మా నాయన అక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, మా గుడికి సంఘ పెద్ద కూడా. వారంలో ఆరు రోజులు ముతక ఆఫీసు కోటు వేసుకుని సర్కారుకూ, ఏడో రోజు గంజి పెట్టిన తెల్ల చొక్కా తొడుక్కుని దేవుడికీ కొలువు చేసేవాడు. ఆ కోటూ ఈ చొక్కా ఒకే కొయ్యకు వేలాడుతుండేవి కనుక ఒకదాని చెమట వాసన ఇంకోదానికి పట్టేది. ఎండలు ముదిరితే వీధి వీధంతా చింతపండు కొట్టే పుల్లని ఘాటు, వానలు వెనకపట్టాక రామసముద్రం వైపు నుంచి గంపల్లో దిగే సీతాఫలాల మగ్గిన తీపి, డిసెంబరు చలిలో అమ్మ కజ్జికాయలు వేయిస్తుంటే పొయ్యి చుట్టూ కూర్చుని విరిగిన వాటికోసం కాచుకునే మేము, గుడి మెట్లమీద అచ్చనగండ్లు ఆడి అరచేతులు ఎర్రగా కందిపోవడం, ఇవన్నీ ఉండేవి. తర్వాత కంట్రోలు వచ్చింది. బియ్యం కార్డు మీదికెక్కాయి, రాగుల మూట తాలూకా దాటాలంటే పర్మిట్టు కావలసి వచ్చింది, మా ఇంట్లో కజ్జికాయలు చిన్నవయ్యాయి.

మా గుడి ఆడవాళ్ళకు ఒక అలవాటు. ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేసేవారు. అది దేవుడి పిడికెడు. శనివారం శనివారం కరుణమ్మత్త వచ్చి ఆ కుండలు వంచుకుపోయేది. ఇల్లిల్లూ తిరిగి చదువురాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం ఆమె పని. తెల్ల చీర, నల్ల గొడుగు, ఎవరికీ జడవని గొంతు. ఆ గింజలన్నీ ప్రసంగపీఠం కింద అరలో ఒక ఇనప డ్రమ్ములో పోసి, ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం గుడి ఆవరణలో అంబలి కాచి ఎవరు గిన్నె పట్టుకొస్తే వాళ్ళకు పోసేది. కులం అడిగేది కాదు, గుడికొస్తావా అనీ అడిగేది కాదు. పర్మిట్టు లేకుండా అంత ధాన్యం ఒకచోట నిలవ పెట్టడం కంట్రోలు లెక్కన నేరం. నాయనకు తెలుసు. ఆ పీఠమెక్కి ఆయన వాక్యం చదివేవాడు, కాళ్ళ కింద ఏముందో ఎరగనట్టు.

అంతకు ముందు నాయన కుప్పంలో పనిచేశాడు. మైసూరు సీమ నుంచి నెత్తిన రాగుల మూటతో ఎల్ల దాటుతున్న ఒకతన్ని పట్టుకున్నాడు. అది ఆయన పని. అతనికి జైలు పడింది. తల్లిలేని కూతురు ఒక్కతే మిగిలితే, బదిలీ అయి పుంగనూరు వచ్చేటప్పుడు మా సామాన్లతోపాటు ఆ పిల్లనూ బండెక్కించుకొచ్చాడు. పేరు రాహేలు. నాకంటే ఏడాది పెద్దది.

అది వచ్చినందుకు కాదు నా మంట. నా చాపలో సగం తీసుకుంది, సరే. నా పండుగ పావడా దానికి కుట్టు విప్పి పొడుగు చేశారు, అదీ సరే. నాయన ఫౌంటెన్ పెన్నులో ఇంకు పోసే పని దానికి అప్పజెప్పాడు చూడండి, అది నాకు మింగుడుపడలేదు. ‘నువ్వు ఒలకబోస్తావు’ అని రెండేళ్ళుగా నన్ను ముట్టుకోనివ్వని పెన్ను అది. రాహేలు నాలుక కొస బయట పెట్టి ఒక్కొక్క చుక్కా దించుతుంటే నాయన కళ్ళార్పకుండా చూసేవాడు. ఆయన దానికి ఏం బాకీపడ్డాడో నాకు అర్థం కాక కాదు, అమ్మ చెప్పింది. అర్థమయ్యీ కుళ్ళుకున్నాను. వాళ్ళ నాయన ఒక తప్పు చేసి జైలుకు పోతే మా నాయన చూపు దానివైపు తిరిగింది, ఆ అదృష్టం నాకు పట్టలేదే అనుకునేదాన్ని. దానికితోడు ఆ పిల్ల తన వంతు కొలతలోంచి తన పిడికెడు తానే వేసేది. నేను ‘చిన్న చెయ్యి పెట్టి దేవుణ్ణి మోసం చేస్తాండావు’ అంటే నవ్వి, ఇంకో నాలుగు గింజలు వేసేది.

ఒక శనివారం సాయంత్రం తాసిల్దారు ఏదో పనిమీద మా ఇంటికొచ్చాడు. నాయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. వసారాలో మేమిద్దరమే.

“ఏమ్మా, మీ గుడిలో ఏం నేర్పిస్తాండారు? ఒకటి సెప్పండి సూద్దాం.”

నేను నోరు తెరిచేలోగా రాహేలు లేచి నిలబడింది. ఆకలైనవాడికి పెట్టింది ప్రభువుకే పెట్టినట్టని చెప్పే వాక్యం, తప్పులేకుండా, గంటలా. తాసిల్దారు ముచ్చటపడి దాని తల నిమిరాడు.

“భేష్! ఇన్‌స్పెక్టరు కూతురంటే ఇట్లుండాల.”

“కూతుర్ని నేను!” అని అరిచాను. అంతటితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. “ఈ యమ్మి వాక్యం సెప్తాదంతే. మా గుడిలో పీఠం కింద డ్రమ్ము నిండా రాగులుండాయి. ఈ యమ్మి కూడా దినామూ ఏస్తాది.”

నాకు నేరమని తెలుసు. అమ్మా నాయనా గొంతు తగ్గించి మాట్లాడుకున్నప్పుడు వినే చెవులు నావి. తాసిల్దారు కాఫీ తాగి, పోతూ పోతూ గేటు దగ్గర నాయనతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. నాయన తిరిగొచ్చి తెల్ల చొక్కా తొడిగి, దానిమీద కోటు వేసి చూసుకుని, మళ్ళీ విప్పాడు.

మర్నాడు నాయన కోటుతోనే గుడికొచ్చాడు, వెనకాల తలారి. ఆరాధన ముగిసేదాకా ఆగి పీఠం దగ్గరికి నడిచాడు. కరుణమ్మత్త అప్పటికే అర తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

“లెయ్ అక్కా. పైనుంచి ఆర్డరు వచ్చుండాది.”

“యాడినుంచప్పా? అంతకంటే పైనుంచి నాకొచ్చిన ఆర్డరు సదవమంటావా?”

“అధికారులకు లోబడమని పౌలే రాసినాడు కదక్కా.”

“రాసినాడు. చెడ్డపని చేసేవానికే అధికారంటే భయమనీ ఆడనే రాసినాడు. నువ్వు సగం దగ్గిర యాల నిలిపేస్తాండావు? ఆకలైనోనికి పోసేది చెడ్డపనా? సెప్పు, పీఠమెక్కి సెప్పు.”

“నా ఉద్యోగం పోతాదక్కా.”

“పోతే నీకూ ఒక గిన్నె పోస్తాం లేప్పా.”

కొందరు నవ్వారు. నాయన నవ్వలేదు. ఆర్డరు కాగితం మడత విప్పి పట్టుకున్నాడు. అప్పుడు పిల్లల వరసలోంచి రాహేలు లేచింది. దానికి ఇది కొత్త కాదు కదా, ఇట్లాంటి కాగితాన్ని కుప్పంలో ఒకసారి చూసింది.

“పెద్దనాయనా, దాంట్లో గింజలని ఉండాదా? వండేస్తే?”

నాయన కాగితం రెండుసార్లు చదివాడు. గింజలని ఉంది, పిండి అని ఉంది. అంబలి ఊసు లేదు. “పొద్దు గుంకేలోపల ఒక్క గింజ కనబడకూడదు,” అన్నాడు, తలెత్తకుండా.

ఆ మధ్యాహ్నం లాంటిది నేను మళ్ళీ చూడలేదు. ఆడవాళ్ళు విసుర్రాళ్ళు మోసుకొచ్చి వేపచెట్ల కింద వరసగా పరిచి కీర్తనలు పాడుతూ విసిరారు. పెళ్ళిళ్ళకు డేగిసాలు అద్దెకిచ్చే సాయిబు నాలుగు పెద్ద డేగిసాలు తనే దొర్లించుకొచ్చి, “దేవుడి పనికి అద్దె ఏందమ్మా, మా వీధోళ్ళకీ పొయ్యండి,” అన్నాడు. రాగిపిండి దుమ్ము, కట్టెల పొగ కలిసి నాయన కోటు బూడిద రంగుకు తిరిగింది. ఆయన చివరి గింజ దాకా నిలబడే ఉన్నాడు. సగం ఊరు తాగింది. నేనూ రెండు గిన్నెలు తాగాను. నాలుగో డేగిసా అడుగంటి ఆ మాడు వాసన బజారు దాకా పోయింది. నాయన రాహేలు తలమీద చెయ్యి వేశాడు, చాలాసేపు తియ్యలేదు.

తెలివైన పనే. కానీ వానలు పడి కొత్త రాగులొచ్చేదాకా రావలసిన తిండి ఒక్క సాయంత్రంలో అయిపోయిందన్న సంగతి, మరుసటి ఆదివారం గిన్నెలు పట్టుకుని జనం గుడి గోడ పక్కన వరసగా కూర్చునేదాకా మాలో ఎవరికీ తట్టలేదు. మళ్ళీ నిలవ పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. మూడు ఆదివారాలు వాళ్ళు వచ్చి, ఎండ ఎక్కేదాకా చూసి, ఖాళీ గిన్నెలతో లేచిపోయారు. నాలుగోవారం రాలేదు. ఆ గిన్నెలు నేను లెక్కపెట్టలేదు, చూడకుండా ఉండనూ లేదు.

చెప్పిందెవరని గుడిలో గుసగుసలు అంబలి రోజు సాయంత్రమే మొదలయ్యాయి. వేలన్నీ ఒక్కవైపే తిరిగాయి. “వాళ్ళ నాయన్ని జైల్లో ఏయించినందుకు పగ తీర్సుకునింది,” అంది ఒకావిడ, రాహేలుకు వినపడేలాగానే. రాహేలు అప్పుడు మాడిన డేగిసాలో సగం దూరి కొబ్బరిచిప్పతో అడుగు గీకుతోంది. తలెత్తి నావైపు చూసింది. ఒక్క మాట, నా పేరు, చెప్తే చాలు దానికి. మళ్ళీ వంగి గీకింది.

నేను నోరు విప్పలేదు. క్రిస్మసుకు ముందే వాళ్ళ నాయన విడుదలై వచ్చి దాన్ని కుప్పం తీసుకుపోయాడు. ఆ నింద దాని మూటతోపాటే బండెక్కింది. చాప మొత్తం నాదయింది. పెన్నులో ఇంకు పోయమని నాయన నన్ను అడగలేదు, తనే పోసుకున్నాడు.

చాలా ఏళ్ళకు, ఇదే మదనపల్లె ఇంట్లో మంచాన పడ్డప్పుడు, నాయన ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, “రాహేలు సెప్పలేదులేమ్మా. నాకు ఆ పొద్దే తెలుసు,” అన్నాడు. కాళ్ళమీద పడవలసిన క్షణం. కానీ నాకు మొదట తట్టిందేమిటో తెలుసా? చివరి రోజుల్లో కూడా ఈయన నోట దాని పేరే వచ్చిందే అని.

పోయిన ఆదివారం మా గుడిలో ఎన్నికల్లో నిలబడ్డాయన పూలదండతో ముందు వరసలో కూర్చున్నాడు. పాలకులకు లోబడాలని పాస్టరు ప్రసంగించాడు. నేను లేచి మిగతా సగం ఎందుకు చదవరని అడిగాను, కరుణమ్మత్త అడిగినట్టే. బయటికొచ్చాక నలుగురు మెచ్చుకున్నారు, మీ నోటికి భయం లేదమ్మా అని. ఇప్పుడా పీఠం కింద మైకు పెట్టె ఉంటుంది. దేవుడి పిడికెడు పేరు అచ్చువేసిన చందా కవరైంది. అందులో గింజ పట్టదు. విసుర్రాళ్ళు లేవు, సాయిబు డేగిసాలు లేవు, గిన్నె పట్టుకుని గోడవారన కూర్చునేవాళ్ళు మాత్రం ఉన్నారు, గేటుకు అవతల.

అత్త మాటలు నేను అరువు తెచ్చుకోగలిగాను. ఆ పిల్ల ఊరుకున్నట్టు ఊరుకోవడం నాకు ఈ జన్మకు రాదు. నేను ఊరుకున్నది ఒక్కసారే, మాట్లాడవలసిన చోట. ఆ ఆదివారం పక్కింట్లో ఎవరో గిన్నె వంచి మాడు గీకారు. తలుపు వేసుకున్నా ఇప్పటికీ వినబడుతూనే ఉంది.