జాకెట్టు గుడ్డ అట్టల బీరువా

మొన్న బెజవాడలో పాత పుస్తకాలమ్మే అంగట్లో వారపత్రిక సీరియల్ బైండు ఒకటి కనబడింది. చేతిలోకి తీసుకోబోతే కొట్టతను కంగారుపడి, "జాగర్తమ్మా, చాలా రేర్ ఐటమ్. గట్టిగా పట్టుకుంటే పొడైపోద్ది" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు ఇలాంటివాటిని కాలేజీ లైబ్రరీలోంచి తీసి అవతల పారేయమని మా పిన్నికి చెప్పారంటే అతను నమ్మడు.

మా పిన్ని చల్లపల్లి దగ్గర ఒక కాలేజీలో లైబ్రేరియన్. డెబ్భైలలో నేను ఆవిడ ఇంట్లోనే ఉండి ఆ కాలేజీలో బి.ఏ. చదివాను. పిన్ని ఆదివారం చర్చికి ఎంత శుభ్రంగా వెళ్ళేదో, సోమవారం లైబ్రరీకీ అంతే శుభ్రంగా వెళ్ళేది. మా వైపు చెమ్మకి పుస్తకాలు అప్పడాల్లా మెత్తబడిపోతాయి. వానలు వెలిశాక పిన్ని వాటిని వరండాలో చాపలమీద పరిచి, వడియాలకి కాపలా ఉన్నట్టు కాకుల్ని తోలుతూ కూర్చునేది. కాకులకి చదువెందుకు పిన్నీ అంటే, "వాటి రెట్టకి చదువూ సంధ్యా ఉండదే" అనేది. ఎండిన పుస్తకాల మధ్య వేపాకూ వసకొమ్మూ పెట్టి బీరువాల్లో సర్దేది. కొత్త పుస్తకాలు ఎంచే కమిటీలో లెక్చరర్లందరూ ఎవరి సబ్జెక్టుకి వాళ్ళు దిండంత ఇంగ్లీషు పుస్తకాలు కావాలని పట్టుబట్టేవారు. తీరా వచ్చాక అడిగినవాళ్ళే వాటి మొహం చూసేవారు కాదు. పుస్తకం మంచిచెడ్డలు తేల్చడానికి పిన్నికి ఒకటే పరీక్ష, వెనక అట్ట తిప్పి తేదీల ముద్రలు ఎన్ని పడ్డాయో చూడటం.

ఆ పరీక్షలో ఎప్పుడూ ఫస్టుక్లాసులో పాసయ్యేవి కిటికీ పక్క బీరువాలోవి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు పత్రికల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం చింపి దాచి, దబ్బనంతో కుట్టి, జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డ అట్టకి అంటించి పిన్నికి ఇచ్చేవారు. వాటి పేర్లు ఎవరికీ గుర్తుండేవి కావు. "మేడమ్, వంగపండు రంగు మీద తెల్లచుక్కలది వచ్చిందాండీ?" అని అడిగేవాళ్ళం. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు లైబ్రరీ గడప తొక్కిందే వాటికోసం. అవి దొరకని రోజు ఉత్త చేతులతో వెళ్ళలేక పక్క బీరువాలో ఇంకో పుస్తకం మీద చెయ్యి వేసేవారు. పిన్ని ఎత్తు అదే. అలా చెయ్యి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పిన్నంటే నాకు ఇప్పటికీ గర్వం.

కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గారు ఫిజిక్సు ఆయన. బీరువాలు చూస్తూ వచ్చి ఆ పూలపూల అట్టల ముందు ఆగిపోయారు. "ఇవి కూడా పుస్తకాలేనా అండీ? ప్రచురణకర్త పేరుందా, వెల ఉందా? సెలవుల్లోగా తీసేయండి" అన్నారు. ఆ పూట పిన్నికి ముద్ద దిగలేదు. "ఆ బీరువా ఖాళీ అయితే ఆడపిల్లలు వెయిటింగు రూములో కూర్చుని బస్సు కోసం చూడటమేనే, ఇంక లైబ్రరీకి ఎందుకొస్తారు?" అంది. మర్నాడు ఆయన గదికి వెళ్ళి, "తీసేస్తానండీ. తీసేసే ముందు ఒక్కటి చదివి చూడండి" అని వంగపండు రంగుది బల్లమీద పెట్టి వచ్చింది.

ఆయన చదవలేదు. ఇంట్లో మంచంపట్టిన వాళ్ళమ్మగారికి ఆయన భార్య చదివి వినిపించిందట. అత్తతో మాటపడి ఇల్లు వదిలిపోయిన కోడలి కథ అది. కథలో అత్తాకోడళ్ళకి పడలేదు గానీ, ఇంట్లో అత్తాకోడళ్ళు మాత్రం ఒకే చెంగుతో కళ్ళు తుడుచుకున్నారట. వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ గారు లైబ్రరీకి వచ్చి గొంతు సవరించుకున్నారు. "దీని ఆఖరి భాగం లేదండీ. ఆ కోడలు తిరిగొచ్చిందా లేదా అని మా అమ్మగారు ఒకటే అడుగుతున్నారు" అన్నారు. బైండు చేసినావిడ ఆ వారం పెళ్ళికి వెళ్ళి పత్రిక కొనలేదు మరి. నా స్నేహితురాలి అమ్మమ్మది కూచిపూడి. ఆవిడ ఏ సంచికా పారేయదని పిన్నికి తెలుసు. ఆ సంగతి చెప్పి, "నేను వెళ్తే లైబ్రరీ మూసెయ్యాలి కదండీ" అంది అమాయకంగా.

ఆయనే స్కూటరేసుకుని వెళ్ళారు. "పుస్తకం గడప దాటదు నాయనా. కావాలంటే ఇక్కడ కూర్చుని రాసుకుపో" అందట అమ్మమ్మ. ప్రిన్సిపాల్ గారు వాళ్ళ అరుగు మీద మఠం వేసుకుని, మధ్యమధ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, రాసుకొచ్చారు. తల్లికి చదివి వినిపించాక ఆ కాగితాలు తెచ్చి పిన్నికిచ్చి, వాటిని కూడా పుస్తకంలో కుట్టేయమన్నారు.

"మరి ఆ బీరువా సంగతండీ?" అంది పిన్ని.

"నా దస్తూరీ అంత బాగుండదండీ. పిల్లలకి అర్థమవుతుందంటారా?" అని ఆయన వెళ్ళిపోయారు. బీరువా మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రం పిన్ని మా అందరికీ పకోడీలు వేసి పెట్టింది.

ఆ పుస్తకం కోసం మేం జుట్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. కొన్నాళ్ళకి నా స్నేహితురాలు కూచిపూడి వెళ్ళి, ఊసుపోక అసలు సంచిక తిరగేసి, తెల్లబోయి వచ్చింది. "ఇదేంటి మేడమ్, మా అమ్మమ్మ దాంట్లో ఆ కోడలు రానే రాదు! అత్త ఎదురుచూసీ చూసీ కన్నుమూస్తుంది. సారేమో సాయంత్రం బస్సు దిగి వచ్చిందని రాశారు!" అంది. పిన్ని ఆ చేతిరాత కాగితాలు తీసి మళ్ళీ చదివింది. "ఉండనీవే. మన లైబ్రరీ పుస్తకంలో వచ్చింది, అంతే" అంది చివరికి.

ప్రిన్సిపాల్ గారి అమ్మగారు ఆ వానాకాలంలోనే పోయారు. పిన్ని పోయీ చాలా ఏళ్ళయింది. కాలం ఎవరినీ అడక్కుండా మా అందరి ఆఖరి కాగితాలూ తనకి తోచినట్టు రాసుకుపోయింది. ఆ ఒక్క తల్లి విషయంలో మాత్రం కొడుకు పెన్ను అడ్డుపెట్టి, సాయంత్రం బస్సు ఆపి, కోడల్ని దింపాడు.