దొరగారి కాళ్ళ దగ్గర కుక్క

కువైట్‌లో నేను ఇంటిపని చేసిన చోట మామా, అంటే మా యజమానురాలు, కూతుర్ని లండన్‌లో చరిత్ర చదివించింది. తిరిగొచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోట ఒకటే జపం, ఎన్నో వందల ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు దొర. ఆయన రాజు పక్కన గుర్రమెక్కి ఫ్రాన్సు మీదికి పోయాడట, ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టాడట, చివరికి ముసలితనంలో మెత్తటి పరుపు మీద పోయాడట. పరాక్రమమంటే అదే కాబోలు.

అంత వీరుడూ ఇనప చొక్కా తనంతట తాను తొడుక్కోలేడట. నౌకర్లు చుట్టూ చేరి పట్టీలు బిగించాలట. మా రాయచోటిలో మూడేళ్ళ పిల్లవాడు తన చొక్కా తానే వేసుకుంటాడు.

ఒకరోజు ఆ పిల్ల బయటికి వెళ్ళబోతూ ఫోన్‌లో ఆయన సమాధి చూపించింది. రాతి దొర చేతులు జోడించి పడుకుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర రాతి కుక్క.

"మరి ఆ నౌకర్లేరీ?" అని నాకొచ్చిన అరబ్బీలో అడిగాను.

"సమాధి మీద నౌకర్లకేం పని?" అంటూ కాలు ముందుకు చాపింది. నేను చెప్పు తొడిగాను.

శుక్రవారం సెలవు రోజున, కువైట్‌లోనే ఖైతాన్ అనే పేటలో ఉండే మా పిన్ని గదికి పోయి ఇదంతా చెబితే ఆమె పడీ పడీ నవ్వింది. "కుక్కకైనా చోటిచ్చినారు గదమ్మే, మంచోళ్ళే!" అంది.

మామా వాళ్ళ హాల్లో గోడకు పెద్ద ఫోటో ఉంది. అందులో ఇంటిల్లిపాదీ ఉన్నారు, మామా ఒళ్ళో పిల్లి కూడా ఉంది. ఆ పిల్లిని కదలకుండా బుజ్జగిస్తూ ఆ ఫోటో తీసింది నేనే.