మా వంటింట్లో భోంచేసిన రాజు

మాంచెస్టర్‌లో మా మొదటి అద్దె ఇంట్లో కింద మేము, పైగదిలో ఒక నైజీరియా కుర్రాడు ఉండేవాళ్ళం. వంటిల్లు అందరికీ ఒకటే. అతను అక్కడి యోరుబా జాతి పిల్లవాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాళ్ళ తాత ఒకప్పుడు సొంత ఊరికి రాజట. నన్ను ఆంటీ అనేవాడు. పొద్దున్నే ఎదురైతే చాలు, వంగి చేత్తో నేల తాకేవాడు. ఇంత మర్యాద మా అత్తవారి వైపు మగపిల్లల్లో నేనెన్నడూ ఎరగను. నా చేతి పులుసంటే ప్రాణం. కారం నాకంటే ఎక్కువే తినేవాడు.

"మా ఊళ్ళో రాజు తింటుంటే ఎవరూ చూడకూడదు ఆంటీ," అని ఒకసారి చెప్పాడు.

"మరి మారు వడ్డించేదెవరు, పాపం?" అన్నాను. పగలబడి నవ్వి, కంచం ముందుకు జరిపాడు.

ఆ శీతాకాలం వాళ్ళ ఊరి రాజు పోయాడు. అక్కడ రాజరికం కొన్ని కుటుంబాల మధ్య వంతులవారీగా తిరుగుతుందట, ఈసారి వంతు వీళ్ళది. పెద్దలు ఇతన్ని ఎంచి కబురంపారు. ఒప్పుకుంటే చదువు సగంలో వదిలెయ్యాలి, ఇక తన ఇష్టాన ఊరు దాటడం కూడా ఉండదు. కాదంటే ఆ వంతు మళ్ళీ ఎప్పటికొస్తుందో! రాత్రుళ్ళు పైన అతని అడుగుల చప్పుడు వింటూ పడుకునేదాన్ని.

"నీకెందుకే ఆ గొడవ?" అన్నారు మావారు, ఆస్పత్రి డ్యూటీల రోటా చూసుకుంటూ.

ఎందుకా? వంతెనలు కట్టాలని కలలు కనే పిల్లవాడి నెత్తిన కిరీటం పెట్టి ఇంట్లో కూర్చోబెడతారా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒక ఆదివారం జవాబు తీసుకెళ్ళడానికి అతని మేనమామ వచ్చాడు. జుట్టంతా తెల్లబడ్డ మనిషి. కుర్రాడు తలుపు తీసి, అలవాటు కొద్దీ వంగబోయాడు. అంతకంటే ముందే ఆ పెద్దాయన మా నడవాలో, చలికి జిల్లుమనే లినోలియం నేల మీద సాష్టాంగపడ్డాడు.

పెద్దవాళ్ళు మొక్కితే పిల్లల ఆయుష్షు తగ్గుతుందని విని పెరిగినదాన్ని. "అయ్యయ్యో, లేవండి, లేవండి!" అంటూ తెలుగులోనే అరిచి ఆయన భుజాలు పట్టుకున్నాను.

"ముట్టుకోకండి ఆంటీ!" అన్నాడు కుర్రాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నేనూ వంగితే కాదన్నట్టు. నేను లెమ్మంటే ఒప్పుకున్నట్టు. మధ్యలో మీరు లేపకూడదు."

చేతులు వెనక్కి తీసుకున్నాను. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వంటింట్లో పులుసు పొంగి పొయ్యి మీద పడిన వాసన వస్తోంది, అయినా కదల్లేకపోయాను. వంగు నాయనా, వంగు అని లోపల్లోపలే వేడుకున్నాను.

అతను వాళ్ళ భాషలో ఏదో ఒక్క మాట అన్నాడు. పెద్దాయన మెల్లగా లేచాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. కాలేదనే నాకు నేను చెప్పుకున్నాను.

"ముందు అన్నం తిను," అని అతన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి, ఎప్పటిలాగే అన్నం పెట్టి పులుసు పోశాను. కంచం ముట్టుకోకుండా నావైపే చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు నిండిపోయాయి.

"ఆంటీ, మీరు కాసేపు బయట ఉంటారా?"

తలుపు దగ్గరగా వేసి, నడవాలో ఆ పెద్దాయన పక్కనే నిలబడ్డాను. నాకు ఏడుపు ఆగలేదు. లోపల చెంచా చప్పుడు వినిపించింది, కాసేపటికి ఆగిపోయింది. మారు కావాలో వద్దో లోపలికెళ్ళి అడగడానికి ఇక నాకు వీల్లేదు.