బొట్టు పెట్టిన స్కోప్

“డాక్టరుగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారయ్యా” అని ఆయన భార్య, మేం ఆంటీ అని పిలిచేది, ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్ పార్కింగ్‌లో ఉన్నాను. కారు దిగబుద్ధి కాలేదు. ఆయన అరిజోనాలోని చాండ్లర్‌లో మా పక్కింటి పెద్దాయన. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి, నలభై ఏళ్ళు కళ్ళ ఆపరేషన్లు చేసి రిటైరయ్యారు. ఆదివారం తెలుగు చర్చిలో ముందు వరసలో కూర్చునేవారు, అక్టోబరు వస్తే ఉత్తరాన అడవికి వేటకు వెళ్ళేవారు. రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, కొనడం నాకు నేర్పింది ఆయనే. ఒకసారి కాల్చకుండా ఆపిందీ ఆయనే. ఇవాళ ఎక్కువగా గుర్తొస్తున్నది ఆ రెండోదే.

ఎల్క్ అంటే మన కణుజు కంటే చాలా పెద్ద దుప్పి. అరిజోనాలో దాన్ని వేటాడాలంటే లాటరీలో పర్మిట్ రావాలి. ఐదేళ్ళు అప్లై చేస్తే నాకు వచ్చింది. చిప్‌లు చేసే కంపెనీలో ఇంజినీరుని కదా, పదహారు స్కోపుల వివరాలతో పట్టిక తయారుచేశాను. ఇరవైనాలుగు రెట్లు పెద్దది చేసి చూపించేదాన్ని ఎంచి, ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, మడిచి, టీ కప్పు కింద పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే షాపుకి బయల్దేరదీశారు. నేను ఎంచినదాన్నీ, తొమ్మిది రెట్లే చూపించే ఇంకోదాన్నీ షాపతన్ని అడిగి బయటికి తెచ్చారు. అప్పటికే పొద్దు గూకుతోంది. పార్కింగ్ అవతలి చెట్టు కొమ్మలు లెక్కపెట్టమన్నారు. నాదాంట్లో చెట్టు ఇంతెత్తున, మసగ్గా, వణుకుతూ కనిపించింది. రెండోదాంట్లో చిన్నగానే ఉన్నా ఆకుల అంచులు కూడా తెలిశాయి.

“వెలుగు చాలని వేళే ఆ జంతువు బయటికొచ్చేది. పెద్దగా కాదు, తేటగా కనపడాలి” అన్నారు.

ఆ తొమ్మిది రెట్లదే కొన్నాక కూడా వదల్లేదు. ఒక రాత్రంతా దాన్ని వాళ్ళ ఫ్రీజర్‌లో కొబ్బరి కోరు ప్యాకెట్ల మధ్య పడుకోబెట్టి, పొద్దున తీసి అద్దం లోపల ఆవిరి పట్టిందేమో చూశారు. తర్వాత ఆంటీ ఇడ్లీ పిండి కలిపే గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి ముంచారు. బుడగ లేస్తే ఎక్కడో సందు ఉన్నట్టట. ఒక్క బుడగా లేవలేదు. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వనని ఆంటీ తెగేసి చెప్పింది.

“ముందు దానిమీద మనకి గురి కుదరాలి. ఆ తర్వాతే దాంతో గురి చూడాలి” అనేవారు. నమ్మకానికీ తుపాకీకీ ఒకే మాట ఉన్న భాష మనదని ఆయనకు భలే గర్వం.

ఇక నా నిర్వాకం. మా ఇంట్లో దసరాకి కారుకీ లాప్‌టాప్‌కీ బొట్టు పెడతాం. ఆ ఏడాది రైఫిల్‌కీ పెట్టాను. స్కోప్ మీద తిప్పి గురి సరిచేసే చిన్న చక్రాలుంటాయి, వాటికి మూతలుంటాయి. మూత మీద పెడితే ఏం పుణ్యమని, మూత తీసి, చక్రానికే పసుపు గట్టిగా రుద్ది కుంకుమ అద్దాను. భక్తి కాస్త ఎక్కువైంది.

మోకాలి ఆపరేషన్ అయినా ఆయన చేతికర్రతో, బైనాక్యులర్స్‌తో నా వెంట అడవికి వచ్చారు. నా పర్మిట్‌కి చివరి రోజు సాయంత్రం, రెండొందల గజాల దూరంలో ఆడ ఎల్క్ ఒకటి పక్కకు తిరిగి నిలబడింది. నా వేలు ట్రిగ్గర్ మీద ఉంది. అప్పుడు ఆయన జంతువుని కాక నన్ను చూశారు.

“ఆ మూత అంచు కింద ఎరుపేంటయ్యా?” అన్నారు గుసగుసగా.

దసరా బొట్టన్నాను.

“పెట్టాక కాల్చి చూశావా?”

లేదన్నాను.

“అయితే ఇవాళ వద్దు.”

ఎల్క్ తాపీగా గడ్డి మేసి పైన్ చెట్లలోకి వెళ్ళిపోయింది. దాంతోపాటే నా ఐదేళ్ళూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి చేరేదాకా మూడు గంటలూ కారు విసురుగా నడిపాను.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టి నన్ను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళారు. అంతే దూరంలో కాగితం పెట్టించారు. గుండు జానెడు కుడికి పోయింది. మళ్ళీ కాల్చాను. మళ్ళీ అక్కడే. కాగితం తెప్పించి, ఆ రంధ్రం మీద వేలు పెట్టారు.

“ఇది కడుపు. ప్రాణం పోక, ఆ నొప్పితో రెండు రోజులు తిరిగేది. ఆపరేషన్‌కి ముందు ప్రతి పేషెంట్‌నీ అడిగేవాణ్ణి, ఏ కన్ను అని. తెలిసినా అడిగేవాణ్ణి.”

పొరపాటు నాదే. స్కోప్‌ది ఏ తప్పూ లేదు. పసుపు రుద్దుతూ నేను ఎంత తిప్పానో అంతే తిరిగి, అక్కడే కదలకుండా నిలిచింది. మంచి స్కోప్ అంటే అదేనని చెప్పి, చక్రాన్ని మళ్ళీ సరిచేయించారు. మళ్ళీ పర్మిట్ వచ్చేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఈసారి దసరా తర్వాత మూడుసార్లు కాల్చి చూసుకున్నాకే అడవికి వెళ్ళాను. ఒక్క గుండుకే, ఎల్క్ నిలబడ్డచోటే ఒరిగింది. ఆయన నా భుజం తట్టారు, అంతే.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆంటీ ఒక పెట్టె నా చేతిలో పెట్టింది. ఆయన పాత స్కోప్ నాకే ఇవ్వమన్నారట. గొట్టం నిండా గీతలున్నా అద్దాలు తేటగా ఉన్నాయి. చక్రాల మూతలు రెండింటినీ ఆపరేషన్‌కి వాడే తెల్ల టేపుతో కదలకుండా చుట్టేశారు. జీవితంలో ఏ వస్తువుకీ బొట్టు పెట్టని మనిషి, పై మూత మీద మాత్రం రూపాయి బిళ్ళంత చోటు వదిలి, చుట్టూ టేపు మీద వణికే అక్షరాలతో రాశారు: “బొట్టు ఇక్కడ.”